నీటి మీద పట్టిన ఆక్సిజన్: 14 జౌళ్ల తేడా ఎక్కడిది?

లెక్క ఇది. 12.25 గ్రాముల పొటాషియం క్లోరేట్ వేడికి పూర్తిగా విఘటనం చెందింది. వచ్చిన ఆక్సిజన్‌ను 27 డిగ్రీల సెల్సియస్, 760 మి.మీ. పీడనం దగ్గర నీటి మీద జాడీలో పట్టారు. వాతావరణంపై జరిగిన పని ఎంత? ఒక దారిలో నాకు 374 జౌళ్లు వచ్చాయి, ఇంకో దారిలో 388.

ముందు మోళ్లు. రెండు మోళ్ల క్లోరేట్‌కు మూడు మోళ్ల ఆక్సిజన్. ఒక మోల్ క్లోరేట్ బరువు 122.5 గ్రాములు, మనది 0.1 మోల్, కాబట్టి ఆక్సిజన్ 0.15 మోల్. ఉత్ప్రేరకంగా వేసిన మాంగనీస్ డయాక్సైడ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

అసలు చిక్కు పీడనంలో ఉంది. జాడీలో ఆక్సిజన్‌తో పాటు నీటి ఆవిరి కూడా ఉంటుంది. 27 డిగ్రీల దగ్గర దాని పీడనం 26.7 మి.మీ. అది తీసేస్తే పొడి ఆక్సిజన్‌కు మిగిలేది 733.3 మి.మీ., అంటే 0.965 అట్మాస్ఫియర్. అప్పుడు ఘనపరిమాణం nRT ÷ P (n మోళ్లు, R వాయు స్థిరాంకం, T కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, P పీడనం):

0.15 × 0.0821 × 300 ÷ 0.965 = 3.83 లీటర్లు

పని దగ్గరికొచ్చేసరికి మాత్రం మొత్తం పీడనమే వాడాలి, ఎందుకంటే వెనక్కి నెట్టేది బయటి వాతావరణాన్ని. 1 × 3.83 లీటర్-అట్మాస్ఫియర్‌ను 101.3తో గుణిస్తే 388 జౌళ్లు. nRTతో వచ్చే 374 ఆక్సిజన్ వాటా మాత్రమే. మిగతా 14 ఆవిరిది.

జాడీ లోపలా బయటా నీటి మట్టం సమానంగా ఉంటేనే లోపలి పీడనం 760 అవుతుంది. ప్రశ్నలో ఆ మాట ఉందో లేదో తప్పక చూడండి.