హన్మకొండ నుంచి భద్రాచలానికి సైకిల్ మీద: దారిలో వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

ములుగు, రామప్ప, తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట, మణుగూరు మీదుగా గోదావరి పక్కకు చేరి భద్రాచలం వెళ్లాలంటే సామానుతో తీరిగ్గా నాలుగు రోజులు పడుతుంది. తాడ్వాయి అడవి దారిలో సైకిల్ ఆగితే పంక్చర్ షాపు కోసం చాలా దూరం నడవాలి. కాబట్టి ఈ రిపేర్లు బయల్దేరే ముందే ఇంటి దగ్గర ఒకసారి చేసి చూడండి.

వెనక టైరే మళ్లీ మళ్లీ దిగిపోతోంది

సామాను బరువంతా వెనక చక్రం మీదే ఉంటుంది, అందుకే ముందు అదే పోతుంది. ట్యూబు మార్చే ముందు చిల్లు ఎక్కడ పడిందో చూడండి, కారణం అక్కడే తెలుస్తుంది. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువైందని అర్థం: గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ టైరుకూ నడుమ నలిగింది. టైరు పక్కన రాసిన పరిమితి దాటకుండా గాలి పెంచండి. చిల్లు లోపలివైపు, అంటే రిమ్ము వైపు ఉంటే రిమ్ము పట్టీ పక్కకు జరిగి పుల్లల (స్పోకుల) కొనలు గుచ్చుకున్నట్టు. పట్టీ సర్దండి.

బయటివైపు ఒక్కటే చిల్లు పడితే అది ముల్లు పనే. నా మొదటి యాత్రలో రామప్ప దాటాక ఒకే చోట రెండుసార్లు ప్యాచ్ వేశాను. తుమ్మ ముల్లు కొన విరిగి టైరులోనే ఉండిపోయింది, బయటికి కనిపించలేదు. అప్పటినుంచి టైరు లోపల పాత గుడ్డతో చుట్టూ తుడవకుండా ట్యూబు ఎక్కించను. ముల్లుంటే గుడ్డకు పట్టుకుంటుంది, వేలికి గుచ్చుకోదు.

మీ సైకిల్‌కు సన్న వాల్వు ఉంటే ఒక ఇత్తడి అడాప్టర్ తప్పకుండా వెంట ఉంచుకోండి. ఊళ్లలోని గాలి మిషన్లు మోటారు బండ్ల వాల్వుకే సరిపోతాయి.

చక్రం వంకర తిరిగి బ్రేకుకు రాసుకుంటోంది

ఒక్కో పుల్లనూ పట్టి చూడండి, వెనక చక్రంలో ఒకటి విరిగి ఉంటుంది. దాన్ని పక్క పుల్లకు చుట్టి కట్టేయండి. దానికి అటూ ఇటూ ఉన్న రెండు పుల్లలను స్పోకులు బిగించే తాళంతో అర చుట్టు వదులు చేస్తే రిమ్ము చాలావరకు దారికొస్తుంది. బరువైన సంచిని ముందుకు మార్చి, నెమ్మదిగా తొక్కుతూ షాపు చేరండి.

చైను కిరకిరమంటోంది

మణుగూరు దగ్గర బొగ్గు లారీల దుమ్ము చైను మీద పడుతుంది. దాని మీదే నూనె పోస్తే మట్టి ముద్దై గొలుసు ఇంకా అరుగుతుంది. ముందు పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పెడలు కాసేపు వెనక్కి తిప్పి, పైన మిగిలింది తుడిచేయండి.

మోకాలి నొప్పి, వేళ్ల తిమ్మిరి

మోకాలి ముందువైపు నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందికి ఉన్నట్టు, వెనకవైపు వస్తే పైకి ఉన్నట్టు. మడమ పెడలు మీద పెట్టి కిందికి తిప్పినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతుల మీద బరువు పడుతోంది. సీటు ముక్కు కిందికి వంగిందేమో చూసి సమంగా పెట్టండి.

మధ్యాహ్నానికి తలనొప్పి, పిక్కలు పట్టేయడం

చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి కొంచెం కొంచెంగా తాగండి. తక్కువ నీళ్లలో కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. తెల్లవారకముందే బయల్దేరి పదకొండింటికల్లా నీడ పట్టున ఆగిపోండి. తోటివారు తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి విసురుతూ, వెంటనే 108కు ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.