మన ఇళ్లలో ‘ది ఇన్నోసెంట్స్’ ఎలా చూడాలంటే

ముందు టీవీ రిమోట్ తీసుకుని జూమ్ ఆపేయండి. మిగతావన్నీ తర్వాత. 1961లో వచ్చిన ఈ బ్రిటిష్ దెయ్యం సినిమా నలుపు తెలుపే గానీ సినిమాస్కోపు. బొమ్మ ఎత్తు ఎంతో, వెడల్పు దానికి రెండింతల పైనే ఉంటుంది. మన టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. "తెర సగం వేస్టయిపోతోంది పెదనాన్నా" అంటూ ఇంట్లో ఎవడో ఒక కుర్రాడు జూమ్ నొక్కుతాడు. నొక్కితే పక్కలు తెగిపోతాయి. ఈ సినిమాలో భయమంతా పక్కల్లోనే ఉంది.

పాలకొల్లు దగ్గర ఒక హాల్లో చాలా ఏళ్లు ఆపరేటర్‌గా చేశాను. ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం కార్బన్ రాడ్లు మార్చిన చేతులండీ ఇవి. స్కోపు రీలుకి మామూలు లెన్సు పెడితే హీరో సన్నగా, పొడుగ్గా సాగిపోతాడు, హాలంతా ఈలలు. మన తెలుగుకి స్కోపు 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో వచ్చింది. అందులో ఆ వెడల్పు నిండా కొండలూ జనమూను. ‘ది ఇన్నోసెంట్స్’లో ఆ వెడల్పు నిండా ఏమీ ఉండదు. దర్శకుడు జాక్ క్లేటన్‌కి అసలు స్కోపు ఇష్టం లేదు, ఫాక్స్ కంపెనీ పట్టుబట్టింది. అప్పుడు కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ లెన్సుకి పెట్టే ఫిల్టర్ల అంచులకి రంగు పూసి, బొమ్మకి రెండు పక్కలా చీకటి పెట్టేశాడు. వెలుగు మధ్యలో ఉంటుంది. కథానాయిక డెబొరా కెర్ కొవ్వొత్తులు పట్టుకుని ఆ పెద్ద ఇంట్లో నడుస్తుంటే మన చూపు ఆవిడ మీద నిలవదు, అటూ ఇటూ జారిపోతూ ఉంటుంది. ఆ కొవ్వొత్తులు కూడా మామూలువి కావు. వెలుగు చాలక నాలుగైదు వత్తులు కలిపి పేనినవి ప్రత్యేకంగా చేయించారు. ఆపరేటర్ గదిలో బతికినవాడిని కదా, ఇలాంటి సంగతి తెలిస్తే నాకు కథకంటే ఎక్కువ సంతోషం.

అంచేత బ్రైట్‌నెస్ పెంచకండి. రంగులు మెరిపించే మోడ్ ఉంటే తీసేసి ‘సినిమా’ అని ఉన్నది పెట్టండి. కదలికల్ని నున్నగా చేసే సెట్టింగు ఒకటి కొత్త టీవీల్లో దానంతటదే ఆన్ అయి ఉంటుంది, అది ఆపకపోతే పాత సినిమా కాస్తా సీరియల్‌లా తయారవుతుంది. ట్యూబ్‌లైటు ఆర్పాక ఒకసారి కూర్చుని తెరలోకి చూడండి. దేవుడి గూట్లో ఎర్ర బల్బు, ఇన్వర్టర్ మీద పచ్చ లైటు తెర అద్దంలో కనిపిస్తాయి. కుర్చీలు కాస్త జరుపుకుంటే పోతాయి.

చప్పుడు సంగతి ఇంకా ముఖ్యం. మామూలు దెయ్యం సినిమాలో దెయ్యం వచ్చే ముందు మోత పెరుగుతుంది. ఇందులో తగ్గుతుంది. కథానాయిక ఇందులో పంతులమ్మ. ఆవిడ తోటలో గులాబీలు కోస్తుంటుంది, చుట్టూ పిట్టలు కూస్తుంటాయి. ఉన్నట్టుండి ఆ కూతలన్నీ ఆగిపోతాయి. తలెత్తి చూస్తే ఎదురుగా బురుజు, కళ్లలోకి ఎండ, పైన ఎవడో మగమనిషి. ఆ నిశ్శబ్దం వినపడాలంటే మన ఇంట్లో నిశ్శబ్దం ఉండాలి కదా! వానాకాలం వద్దు, కప్పలు వినపడనివ్వవు. ఎండాకాలం ఫ్యాను లేకుండా కూర్చోలేం. సంక్రాంతి మూడు రోజులూ అసలే వద్దు, కోడిపందేల బరుల దగ్గర మైకులు ఊళ్లన్నీ ఎగరగొడతాయి. పండగ వెళ్లాక పిల్లలు హైదరాబాద్ బస్సెక్కేశాక, ఇంకా చలి ఉండగా ఒక రాత్రి చూసుకోండి. రొయ్యల చెరువుల పక్కనున్న ఇళ్లకి ఇంకో తంటా ఉంది. చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తెల్లార్లూ తిరుగుతూనే ఉంటాయి, వాటిని ఆపమనలేం. ఆ వైపు కిటికీలు మూసి, టీవీని అవతలి గోడకి మార్చండి.

తిండి ముందే పెట్టేయండి. జంతికలు, చేగోడీలు సినిమా నడిచేటప్పుడు వద్దు. చేతిలో ఏదో ఒకటి ఉండి తీరాలనే వాళ్లకి పూతరేకు ఇవ్వండి, నోట్లో కరిగిపోతుంది, చప్పుడుండదు. పదేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టేయండి. రక్తం ఎక్కడా కనపడదు, అయినా వచ్చిన కొత్తలో బ్రిటన్ సెన్సారు వాళ్లు దీనికి ఎక్స్ సర్టిఫికెట్ ఇచ్చారు. కథలో ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ల నోటి వెంట వచ్చే మాటలు, ఒకచోట ఆ పిల్లాడి ప్రవర్తన, పెద్దవాళ్లకే ఇబ్బందిగా ఉంటాయి.

ఇంగ్లీషు అర్థం కాని వాళ్లుంటే నడి మధ్యలో "ఏమన్నాడు, ఏమన్నాడు" అని అడుగుతారు, చెప్పే లోపు ముఖ్యమైనది అయిపోతుంది. కాబట్టి లైట్లు ఆర్పక ముందే తెలుగులో ఇంతవరకు చెప్పేయండి: లండన్‌లో ఒక డబ్బున్న పెద్దమనిషి. ఆయన సోదరుడి పిల్లలిద్దరూ తల్లీతండ్రీ లేనివాళ్లు, పల్లెటూళ్లో ఉన్న పెద్ద భవంతిలో పెరుగుతున్నారు. ఆయనకి పిల్లల బాధ్యత అక్కర్లేదు. ఒక పంతులమ్మని పెట్టుకుంటాడు, ఏం జరిగినా నన్ను మాత్రం కదపొద్దంటాడు. ఆవిడకి ఇదే మొదటి ఉద్యోగం. తండ్రి పాస్టరు, క్రమశిక్షణ గల ఇంట్లో పెరిగిన మనిషి. ఆ భవంతిలో అంతకుముందు పనిచేసిన ఒక మగాడు, ఒక పాత పంతులమ్మ ఇద్దరూ చనిపోయారు. అక్కడితో ఆపండి. మొదట్లోనే ఆ పెద్దమనిషి ఆవిడని నీకు ఊహలెక్కువా అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఒక్కటి గుర్తుపెట్టుకోమనండి, చాలు.

ప్లే నొక్కాక తెర నల్లగా ఉండిపోతుంది. కాసేపు బొమ్మే రాదు, చిన్నపిల్ల గొంతుతో పాట మాత్రం వస్తుంది. కంపెనీ గుర్తు కూడా తర్వాతే. మా ఇంట్లో ఇది వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు కేబుల్ వైరు దగ్గరికి లేస్తారు. కూర్చోబెట్టండి.

ఇక చూడటం. ఒక్క పని చేయండి చాలు. దెయ్యం కనపడ్డప్పుడల్లా, అంతకు ముందు షాట్ ఏమిటో గమనించండి. దాదాపు ప్రతిసారీ ముందు పంతులమ్మ ముఖం చూపిస్తాడు. ఆవిడ చూసింది, హడలిపోయింది, ఆ తర్వాతే మనకి చూపిస్తాడు. అంటే మనం చూస్తున్నది అక్కడున్నదాన్నా, ఆవిడ చూశాననుకున్నదాన్నా? సాక్షి ఒక్కరే ఉన్న కేసు ఇది. ఈ సంగతి ముందు తెలిస్తే సినిమా పాడవదు, పైగా బిగుస్తుంది.

ఈ లెక్కకి లొంగనిది ఒకటుంది. చదువుకునే గదిలో బల్ల దగ్గర చనిపోయిన పంతులమ్మ కూర్చుని ఏడుస్తూ కనిపిస్తుంది. మన పంతులమ్మ దగ్గరికి వెళ్లేసరికి ఎవరూ లేరు. బల్ల మీద పలక ఉంటుంది. ఆ పలక మీద ఒక చుక్క, తడి. ఆవిడ వేలితో తాకి చూస్తుంది. సంగీతం హోరెత్తదు, ఎవరూ అరవరు. అంత పెద్ద భవంతిలో, అంత పెద్ద తెర మీద, ఒక కన్నీటి చుక్క. నాకైతే సినిమా మొత్తానికి అదే ప్రాణం.

గమనించాల్సిన ఇంకో సీను చెరువు దగ్గరది. పట్టపగలు. చిన్నపిల్ల ఒడ్డున తన పాట తను పాడుకుంటూ ఉంటుంది. అవతలి ఒడ్డున నీళ్లలో మొలిచిన జమ్ములాంటి గడ్డి మధ్య నల్లబట్టల్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. కదలదు, పిలవదు, దగ్గరికి రాదు. ముఖం కూడా సరిగ్గా తెలియదు. ఇంగ్లీషువాళ్లకి దెయ్యమంటే రాత్రి, గాలివాన. పగటిపూట చూపించడం వాళ్లకి వింత. మనకి వింత కాదు. మిట్టమధ్యాహ్నం చెరువుగట్టుకి వెళ్లొద్దని, చింతచెట్టు కింద నిలబడొద్దని మా నాయనమ్మ ఎన్నిసార్లు కేకలేసిందో! కాలవ అవతల జమ్ములో ఎవరో ఉన్నారనిపించి, తీరా చూస్తే ఎవరూ లేకపోవడం మన లంకల్లో పెరిగిన ఎవరికైనా తెలిసిందే. కాబట్టి ఈ సీను దగ్గర మనవాళ్లకి వివరణ అక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చోండి, వాళ్లే చేయి పట్టుకుంటారు.

సినిమా గంటా నలభై నిమిషాలు. అయిపోగానే లైటు వేయకండి, మాట్లాడనివ్వకండి. తలా ఒక చీటీ ఇచ్చి ‘ఉంది’ లేదా ‘లేదు’ అని రాయమనండి. దెయ్యం సంగతే. మాట్లాడనిస్తే గట్టి గొంతున్నవాళ్ల అభిప్రాయమే అందరిదీ అయిపోతుంది. మా ఇంట్లో చీటీలు విప్పాక మా వదినగారు "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆ అమ్మాయికి ఈడొచ్చి పెళ్లి కాలేదు, ఆ లండన్ ఆయన మీద మనసు పడింది, అదీ సంగతి" అని తేల్చేశారు. ఈ సినిమాకి మూలమైన నవల గురించి ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ విమర్శకుడు 1934లో పెద్ద వ్యాసం రాసి తేల్చింది దగ్గర దగ్గర ఇదే. మా బావగారు ఊరుకోలేదు. "అయితే అమ్మా, పలక మీద తడి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారు. కాఫీలు రెండు విడతలు అయ్యాయి.

ఆ మూల పుస్తకం సినిమా తర్వాతే చదవండి. హెన్రీ జేమ్స్ రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’, 1898 నాటిది. చిన్న నవలే గానీ వాక్యాలు పొడుగు, డిక్షనరీ కంటే ఓపిక ఎక్కువ కావాలి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నవలలో పంతులమ్మకి పేరే లేదు, సినిమాలో మిస్ గిడెన్స్. ఇంకో సంగతి, సినిమా నేరుగా నవల నుంచి రాలేదు. మధ్యలో విలియమ్ ఆర్చిబాల్డ్ రాసిన నాటకం ఉంది, అందులో దెయ్యాలు ఉన్నట్టే లెక్క. క్లేటన్‌కి అది నచ్చక అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటీని పిలిచి, నవలలోని అనుమానాన్ని మళ్లీ స్క్రిప్టులోకి తెప్పించుకున్నాడు. ఈ తీరు తెలిసి చదివితే జేమ్స్ ఎక్కడెక్కడ గడుసుగా తప్పించుకున్నాడో కనిపిస్తుంది. ఉదాహరణకి బడి నుంచి పిల్లాడి గురించి ఉత్తరం వస్తుంది. ఇంటి పెత్తనం చూసే మిసెస్ గ్రోస్‌కి నవలలో చదువు రాదు. అందులో ఏముందో పంతులమ్మ చెబితేనే ఆవిడకి తెలియాలి.

రెండోసారి చూసేటప్పుడు పంతులమ్మని వదిలేసి ఈ మిసెస్ గ్రోస్‌ని చూడండి. మెగ్స్ జెంకిన్స్ వేసింది. మొదట్లో ప్రతిదానికీ అవునవునంటూ తలాడిస్తుంది, పంతులమ్మని నమ్మాలనే చూస్తుంది. చెరువు దగ్గర తనకేమీ కనపడనప్పుడు ఆవిడ ముఖం ఎలా మారుతుందో, అంతకు ముందే ఎక్కడ తలాడించడం ఆపేసిందో పట్టుకోండి. అక్కడ పాజ్ కొట్టి వెనక్కి తిప్పుకోవచ్చు, రెండోసారికి నేను అడ్డుచెప్పను.