అమ్మానాన్నలతో రెడ్‌వుడ్ అడవికి: హెన్రీ కోవెల్ పార్కు ఎలా చూడాలి

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే కాలిఫోర్నియా బే ఏరియాలో మనం చూపించేవి దాదాపు అందరివీ ఒకటే. గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, గూగుల్ ఆఫీసు ముందు ఫొటో, ఓపిక ఉంటే యోసెమిటీ. రెడ్‌వుడ్ అడవి మాత్రం "దారిలో పడితే ఓ అరగంట ఆగుదాం" అన్న లెక్కలోకి పోతుంది. దయచేసి అలా చేయకండి. దానికి ఒక పూట మొత్తం కేటాయించండి. నడిచేది మైలు కూడా ఉండదు, కానీ ఆ నడకకి రెండు మూడు గంటలు పట్టనివ్వండి. హడావుడిగా తిరిగితే అక్కడ పొడుగాటి చెట్లు తప్ప ఇంకేమీ కనిపించవు.

ముందుగా ఒక సందేహం తీర్చాలి, ఎందుకంటే చాలామంది "సెకోయా నేషనల్ పార్కు చూసేశాం కదా" అంటారు. అవి వేరే చెట్లు. సియెర్రా కొండల్లో ఉండేవి జెయింట్ సెకోయాలు. వాటికి లావు ఎక్కువ. సముద్రం పక్కన పెరిగేవి కోస్ట్ రెడ్‌వుడ్‌లు. ప్రపంచంలో వీటికన్నా ఎత్తు పెరిగే చెట్టు లేదు. బిగ్ సర్ దగ్గర నుంచి ఒరెగాన్ దక్షిణపు అంచు దాకా, తీరం వెంట సన్నటి పట్టీలో మాత్రమే ఇవి సహజంగా పెరుగుతాయి. ఒకప్పుడు దాదాపు 20 లక్షల ఎకరాల్లో ఉండేవి. బంగారం కోసం జనం ఎగబడిన గోల్డ్ రష్ తర్వాత నరకడం మొదలైంది, శాన్‌ఫ్రాన్సిస్కో ఇళ్ళలో ఎంతో కలప వీటిదే. నరకకుండా మిగిలిన పాత అడవి ఇప్పుడు అందులో ఐదు శాతం మాత్రమే. కాబట్టి పార్కు ఎంచుకునేటప్పుడు అక్కడ పాత అడవి ఉందా, లేక నరికాక మళ్ళీ పెరిగిన అడవా అని చూసుకోవాలి. రెండూ పచ్చగానే ఉంటాయి. కానీ మొదటిదాన్ని చూశాక రెండోది ఆనదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినవాళ్ళకి మ్యూర్ వుడ్స్ దగ్గర. విలియం కెంట్ దంపతులు అడవిని కొని ప్రభుత్వానికి ఇచ్చేస్తే, 1908లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించారు. చాలా అందమైన చోటు. కానీ 2018 నుంచి పార్కింగ్ గానీ షటిల్ బస్సు గానీ ముందుగా బుక్ చేసుకోనిదే కుదరదు, అక్కడ ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. బుకింగ్ కాగితం ఫోన్‌లో సేవ్ చేసుకునే వెళ్ళాలి. శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది మాత్రం ఫెల్టన్ ఊళ్ళోని హెన్రీ కోవెల్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కు. మా ఫ్రీమాంట్ నుంచి ట్రాఫిక్ లేకపోతే గంటకు కాస్త అటూ ఇటూ. పెద్దవాళ్ళకి ఇంతకన్నా అనువైనది నాకు తెలియదు. రెడ్‌వుడ్ గ్రోవ్ లూప్ అనే బాట 0.8 మైళ్ళు, పూర్తిగా చదును, ఎక్కడా మెట్లు లేవు. వీల్‌చెయిర్, స్ట్రోలర్ రెండూ వెళ్తాయి. దారిలో కూర్చోడానికి బెంచీలు ఉంటాయి. చుట్టూ ఉన్నది సుమారు 40 ఎకరాల పాత అడవి.

హైవే 17 మీద దక్షిణంగా వెళ్ళి స్కాట్స్ వ్యాలీలో మౌంట్ హెర్మన్ రోడ్ ఎగ్జిట్ తీసుకోండి. ఆ రోడ్డు చివర గ్రాహమ్ హిల్ రోడ్ తగులుతుంది. కుడికి తిరిగితే ఫెల్టన్, అక్కడ హైవే 9 మీద ఎడమకి తిరిగితే కాసేపట్లో పార్కు గేటు. ఫోన్‌లో పార్కు పేరు కొట్టినప్పుడు ఒకసారి చూసుకోండి. క్యాంపింగ్ గేటు గ్రాహమ్ హిల్ రోడ్ మీద వేరేగా ఉంది, అక్కడికి తీసుకెళ్తే పెద్ద చెట్లు దగ్గర్లో ఉండవు. మీకు కావాల్సింది హైవే 9 వైపు పగటి సందర్శకుల గేటు. కారుకి ఫీజు ఉంటుంది, మనిషికి కాదు.

హైవే 17 కొండ మలుపుల రోడ్డు. కారులో కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళకండి, నిండా టిఫిన్ పెట్టీ తీసుకెళ్ళకండి. రెండు ఇడ్లీలు, చేతిలో అల్లం మురబ్బా చాలు. వేసవి శనివారాల్లో ఊరంతా శాంటా క్రూజ్ బీచ్‌కి ఇదే రోడ్డు పడుతుంది. అందుకే వీలైతే మామూలు రోజున, శనాదివారాలే కుదిరితే తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉండేలా బయల్దేరండి. పార్కింగ్‌కి టెన్షన్ ఉండదు. పైగా ఉదయం పొగమంచు పూర్తిగా విడిపోక ముందే అడవి చూడాలి, ఎందుకో కింద చెప్తాను.

బట్టల సంగతి. శాన్ హోసేలో ఎండ కాస్తున్నా చెట్ల కింద చలిగానే ఉంటుంది. అందరికీ స్వెటర్, నాన్నగారికి మంకీ క్యాప్. అమ్మ చీరలోనే హాయిగా నడుస్తుంది, కాళ్ళకి మాత్రం బూట్లు ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళ మందులు, మంచినీళ్ళు కారులో వదలకుండా వెంట తీసుకెళ్ళండి. బాత్రూములు పార్కింగ్ దగ్గరే ఉంటాయి, నడక మొదలుపెట్టే ముందే అక్కడికి వెళ్ళిరండి.

ఇక అడవి ఎలా చూడాలో చెప్తాను.

బాట మొదట్లో విజిటర్ సెంటర్ ఉంది. లూప్ వెంట అంకెలున్న గుంజలు ఉంటాయి, వాటి వివరాలున్న చిన్న పుస్తకం అక్కడ దొరుకుతుంది. దాన్ని తీసుకుని ఒక్కో గుంజ దగ్గర ఆగి, అందులో ఉన్నది పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పండి. ఈ ఒక్క పని చేస్తే చాలు, నడక దానంతటదే నెమ్మదిస్తుంది.

మొదటి పెద్ద చెట్టు దగ్గర అందరూ తలెత్తి చూస్తారు. అక్కడితో ఆగకుండా కిందికీ చూడమనండి. ఇక్కడి అన్నిటికన్నా ఎత్తైన చెట్టు 270 అడుగులు దాటింది, మొదలు దాదాపు 16 అడుగుల వెడల్పు. ఇంత మానుకి వేళ్ళు మాత్రం భూమిలోకి పట్టుమని పన్నెండడుగులు దిగవు. తల్లివేరు ఉండదు. పక్కలకి వంద అడుగుల దాకా పాకి, పక్క చెట్ల వేళ్ళతో పెనవేసుకుంటాయి. గాలివానకి నిలబడేది ఆ పెనవేతతోనే. బాటకి రెండు వైపులా కంచె ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. మనం ఫొటో కోసం మొదలు దాకా వెళ్తే, ఆ అడుగుల బరువుకి పైపైన ఉన్న మట్టి గట్టిపడి వేళ్ళకి నీరూ గాలీ అందవు. ఒక్కరు తొక్కితే ఏమవుతుంది అనిపిస్తుంది. ఏడాదంతా వచ్చే జనం అందరూ అలాగే అనుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. పిల్లలకి కంచె దాటొద్దని ఊరికే చెప్పకండి, ఈ కారణం చెప్పండి, వింటారు.

మా మామయ్యగారు రంపచోడవరం వైపు అటవీశాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఏ చెట్టు దగ్గర నిలబడినా ముందు ఛాతీ ఎత్తులో చుట్టుకొలత అంచనా వేస్తారు. ఇక్కడ కంచె బయట నిలబడి, కళ్ళతోనే కొలిచి, "యాభై అడుగులు ఉంటుందమ్మాయ్. మా టేకు ఆరడుగుల చుట్టు ఉంటే ఆఫీసర్లని తీసుకెళ్ళి చూపించేవాళ్ళం" అన్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "ఇంతకాలం నిప్పుకి ఎలా తట్టుకుంది?"

జవాబు బెరడులో ఉంది. పెద్ద చెట్లకి బెరడు అడుగు మందం దాకా ఉంటుంది. చాలా కలప చెట్లలో ఉండే మండే జిగురు దీనిలో ఉండదు. ఎర్ర రంగునిచ్చే టానిన్ అనే పదార్థం పురుగుల్ని దగ్గరికి రానివ్వదు. మొదళ్ళ దగ్గర నల్లగా కాలిన మచ్చలు కనిపిస్తాయి, కొన్ని లోపలికంటా కాలి తొర్రలయ్యాయి. అయినా పైన పచ్చగా ఉంటాయి, ఎందుకంటే నీళ్ళు మోసే పొర బెరడు కిందే ఉంటుంది, అది కొంత మిగిలినా చెట్టు బతుకుతుంది. ఈ లూప్‌లో ఫ్రీమాంట్ ట్రీ అనే తొర్ర చెట్టు ఉంది. మనిషి వంగి లోపలికి వెళ్ళేంత తొర్ర. 1846లో సైనికాధికారి జాన్ ఫ్రీమాంట్ అందులో తలదాచుకున్నాడని చెప్పుకుంటారు. మా ఊరికి పేరొచ్చింది కూడా ఆయన వల్లే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లోపలికి వంగొద్దు, పిల్లల్ని పంపి బయట నుంచి చూడండి.

వయసు గురించి చెప్పేటప్పుడు సంవత్సరాలు చెప్తే మనసుకి పట్టదు. పార్కువాళ్ళు చెప్పే లెక్క ప్రకారం ఇక్కడి పెద్ద వయసు చెట్లు 1,400 నుంచి 1,800 ఏళ్ళవి. అంటే నన్నయ రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టేనాటికే వాటికి కనీసం నాలుగు వందల ఏళ్ళు. ఈ మాట చెప్పినప్పుడు మా అత్తయ్యగారు నడక ఆపి బెంచీ మీద కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు, నేనూ లేపలేదు.

ఇప్పుడు పొగమంచు సంగతి. కాలిఫోర్నియాలో వేసవి నెలల్లో వానే ఉండదు. మరి ఈ చెట్లకి నీళ్ళెక్కడివి? సముద్రం మీద నుంచి వచ్చే మంచు ఆకుల మీద చేరి బొట్లుబొట్లుగా నేల మీద రాలుతుంది, కొంత ఆకులే నేరుగా పీల్చుకుంటాయి. ఏడాదిలో ఈ అడవులకి అందే నీటిలో మూడో వంతు దాకా ఇలా వచ్చేదే. ఉదయం వెళ్తే వాన లేకుండానే చెట్టు కింద చినుకులు పడటం చూడొచ్చు. ఫొటోలకి కూడా అదే మంచి సమయం. మధ్యాహ్నం ఎండ పడితే ఫొటోలో సగం తెల్లగా, సగం నల్లగా వస్తుంది. చెట్టు మొత్తం రావాలంటే ఫోన్ అడ్డంగా పట్టుకుని, పనోరమా పెట్టి, కింద నుంచి పైకి మెల్లగా తిప్పండి. బాట మీద ఒక మనిషిని నిలబెట్టండి, లేకపోతే ఎత్తు తెలియదు.

నేల మీద చూడాల్సినవి చాలా ఉన్నాయి. కాయలు అంగుళం కూడా ఉండవు, లోపలి విత్తనం టొమాటో గింజంత. నిజానికి చాలా చెట్లు విత్తనం నుంచి కాకుండా పిలకలుగా లేస్తాయి. నరికిన మొద్దు చుట్టూ నాలుగైదు చెట్లు గుండ్రంగా నిలబడి ఉంటే అవి దాని పిలకలే. మూడేసి ఆకులతో నేలంతా పరుచుకున్న మొక్కని అమ్మ వెంటనే గుర్తుపడుతుంది. మన పులిచింతకి దగ్గర చుట్టం అది, పేరు రెడ్‌వుడ్ సోరెల్. ఎండ సూటిగా తగిలితే ఆకులు ముడుచుకుంటుంది. చూడండి, కోయకండి, పార్కులో ఆకైనా కాయైనా తీసుకెళ్ళకూడదు. తడి రోజుల్లో బాట మీద పసుపుపచ్చగా బెత్తెడు జీవి కనిపిస్తే అది బనానా స్లగ్, శాంటా క్రూజ్ యూనివర్సిటీ వాళ్ళ చిహ్నం (మస్కట్). పక్కనుంచి తప్పుకుని వెళ్ళండి. మెరిసే మూడాకుల పొద కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు. అది పాయిజన్ ఓక్, రోజుల తరబడి దురద, పొక్కులు. బాట వదలకపోతే దానితో పేచీ లేదు.

ఈ పార్కులో ఆకుపచ్చ రంగే లేని తెల్ల రెడ్‌వుడ్‌లు కూడా ఉన్నాయి. సొంతంగా ఆహారం చేసుకోలేవు, తల్లి చెట్టు వేళ్ళ నుంచి తీసుకుని బతుకుతాయి. వాటిని వెతుక్కుంటూ అడవిలోకి దిగకండి. చూడాలనుంటే విజిటర్ సెంటర్‌లో అడగండి.

ఈ తోపు మనదాకా ఎలా మిగిలిందో కూడా చెప్పండి. చుట్టుపక్కల చెట్లు సున్నపు బట్టీల్లో కట్టెలుగా కాలిపోతున్న రోజుల్లో, 1867లో వెల్చ్ కుటుంబం దీన్ని కొని, నరకకుండా సందర్శకుల విడిదిగా మార్చింది. 1903లో రూజ్‌వెల్ట్ వచ్చినప్పుడు చెట్లకి కొట్టిన పేర్ల కార్డులు చూసి, వాటిని తీసేయమని గట్టిగా చెప్పారు. తర్వాత కౌంటీ చేతికొచ్చింది. 1954లో సున్నపు వ్యాపారి హెన్రీ కోవెల్ కొడుకు తండ్రి పేరు మీద మరో 1,600 ఎకరాలు ఇస్తే స్టేట్ పార్కు అయింది. బెరడు మీద పేరు చెక్కాలని ఎవరికైనా చెయ్యి దురదపెడితే రూజ్‌వెల్ట్ మాట గుర్తు చేయండి.

తిండి గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మనం పులిహోర, దద్ధోజనం కట్టుకుని వెళ్తాం. వెళ్ళాలి కూడా. కానీ లూప్ మీద తినకండి, పిక్నిక్ బల్లల దగ్గరే తినండి, లేచేటప్పుడు మెతుకు మిగలకుండా ఏరండి. నల్ల జుట్టున్న నీలి పిట్టలు, స్టెల్లర్స్ జే అంటారు, మెతుకులకి మరిగి మనుషులు తిరిగే చోట గుంపులు కడతాయి. అవే మార్బుల్డ్ మర్లెట్ అనే సముద్రపు పక్షి గుడ్లు తింటాయి. ఆ పక్షి సముద్రంలో చేపలు పట్టి, మైళ్ళ కొద్దీ ఎగిరి వచ్చి, పాత చెట్టు పైన నాచు పట్టిన వెడల్పాటి కొమ్మ మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఈ కొండల్లోనే బిగ్ బేసిన్ పార్కులో 1974లో చెట్టెక్కిన ఒక మనిషికి దాని గూడు దొరికేదాకా, అది ఎక్కడ గుడ్డు పెడుతుందో అమెరికాలో ఎవరికీ అంతుపట్టలేదు. ఏడాదికి ఒక్క గుడ్డు. మన వేరుశనగ గుళ్ళు దానికి ముప్పు కాకూడదు.

మీవాళ్ళకి నచ్చిందనుకోండి, రెండోసారి ఆ బిగ్ బేసిన్‌కే తీసుకెళ్ళండి. 1902లో మొదలైన, కాలిఫోర్నియాలో అన్నిటికన్నా పాత స్టేట్ పార్కు. 2020 ఆగస్టులో పిడుగుల వల్ల అంటుకున్న మంటలు దాదాపు పార్కంతా కాల్చేశాయి. అయినా పాత రెడ్‌వుడ్‌లు ఎక్కువ భాగం బతికాయి. బొగ్గులా నల్లబడ్డ మాను పొడవునా పచ్చటి చిగుళ్ళు వేశాయి. ముందుగా పార్కింగ్ బుక్ చేసుకుని వెళ్ళండి, నీడ తక్కువ కాబట్టి టోపీలు ఉంచుకోండి. రెండు రోజులు సెలవు దొరికితే హైవే 101 మీద ఉత్తరంగా హంబోల్ట్ రెడ్‌వుడ్స్‌కి వెళ్ళొచ్చు. అక్కడి అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ ముప్పై మైళ్ళకు పైగా చెట్ల మధ్యగా సాగే రోడ్డు, నడవలేనివాళ్ళకి కారులోంచే కనిపిస్తుంది. ఫౌండర్స్ గ్రోవ్ దగ్గర మాత్రం దిగండి. 1991లో పడిపోయిన 360 అడుగుల చెట్టు అక్కడే అడ్డంగా పడి ఉంది.

చలికాలంలో గాలివాన రోజున ఏ రెడ్‌వుడ్ అడవికీ వెళ్ళకండి, అంత ఎత్తు నుంచి విరిగిపడే కొమ్మ చాలా ప్రమాదం. ఫెల్టన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఫోన్ హైవే 9 మీదుగా సారటోగా దారి చూపిస్తే ఒప్పుకోవద్దు. చూడటానికి బాగుంటుంది గానీ మలుపులు హైవే 17 కన్నా ఎక్కువ, కడుపు నిండా దద్ధోజనం తిన్న పెద్దవాళ్ళకి పడదు. ఆదివారమైతే బీచ్ జనం తిరుగుముఖం పట్టక ముందే, రెండు గంటలకల్లా, స్కాట్స్ వ్యాలీ దాటేయండి.