జట్టు ఊరు మారుతుందన్న కబురు వస్తే ఆటగాడు చేసుకోవాల్సిన పనులు

లీగుల్లో ఆడే కుర్రాడికి జట్టు తరలిపోతుందన్న కబురు మేనేజర్ నోట రావడం అరుదు. ముందు ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. "ఏట్రా, మీ టీము ఇంకో ఊరెల్లిపోతందట గదా, మరి నీ డబ్బులో?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హాకీకో కబడ్డీకో ఫ్రాంచైజీ జట్లలోకి వెళ్లేవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఈ ఫోన్‌కి ముందే సిద్ధపడి ఉండాలి. జట్టు ఏ ఊళ్లో ఉండాలన్నది యజమానీ లీగూ తేల్చుకుంటారు, అందులో ఆటగాడి మాట చెల్లదు. ఆ ఫోన్‌లోని రెండో ప్రశ్నకు జవాబు మాత్రం ఆటగాడి దగ్గరే ఉండాలి.

కబురు ఎంతవరకు వచ్చిందో చూసుకోండి

మూడు విషయాలు కనుక్కుంటే చాలు. స్టేడియం లీజు ఎప్పటిదాకా ఉంది? యాజమాన్యం చేతులు మారుతోందా? లీగు పాలకమండలి ఒప్పుకుందా? మూడోది జరిగితే తప్ప జట్టు కదలదు. మొదటి రెండూ జరుగుతుంటే మాత్రం మీ కాగితాలు బయటికి తీయాల్సిన వేళ అయిందన్నమాట.

అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో అరిజోనా కయోటీస్ కథ దీనికి మంచి పాఠం. గ్లెండేల్ నగరం లీజు పొడిగించలేదు. 2022లో జట్టు ఒక యూనివర్సిటీ మైదానానికి మారింది, అందులో పట్టేది 5 వేల మందిలోపే. కొత్త స్టేడియం కట్టుకుందామని టెంపే నగరంలో ఓటింగ్ పెడితే 2023 మే 16న జనం వద్దన్నారు. అక్కడితో రెండేళ్లుగా నలుగుతున్న కబురు మరింత ముదిరింది, అయినా తేలడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇక తేలడం మొదలయ్యాక వారంలో అయిపోయింది. 2024 ఏప్రిల్ 12న ఎడ్మంటన్‌లో మ్యాచ్‌కి వెళ్లిన ఆటగాళ్లకు సంగతి చెప్పారు. 17న సొంతగడ్డ మీద ఆఖరి ఆట ఆడి, అదే ఎడ్మంటన్ మీద 5-2తో గెలిచారు. 18న లీగు ఆమోదించింది. 120 కోట్ల డాలర్ల లెక్కన జట్టు సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది.

కబురు ఏళ్ల తరబడి నానుతుంది, నిర్ణయం మాత్రం రోజుల్లో పడుతుంది. అందుకే కింద చెప్పే పనులన్నీ కబురు నానుతున్నప్పుడే చేసుకోవాలి. నిర్ణయం వచ్చాక మొదలుపెడితే సీజన్ మధ్యలో, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ నడుమ, లాయర్ కోసం ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

ప్రతి కబురూ నిజం కాదు కూడా. 2025లో ఉచిత పాసుల మీద హైదరాబాద్ క్రికెట్ సంఘంతో గొడవపడి, ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ ఆ ఊరు వదిలి వెళ్తామన్నప్పుడు విశాఖ పేరు గట్టిగా వినబడింది. తర్వాత ఆ గొడవ సర్దుకుని జట్టు హైదరాబాద్‌లోనే ఉండిపోయింది.

మన హాకీలో ఇంకో మెలిక ఉంది. హాకీ ఇండియా లీగు 2024-25 సీజన్‌లో మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీల్లోనే జరిగాయి. విశాఖ పేరు మీద ఆడిన గోనాసిక జట్టు విశాఖలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇలాంటి లీగులో ఊరు మారడమంటే చాలావరకు జెర్సీ మీద పేరు మారడమే. మీరు దిగే స్టేషనూ మారదు, ఆడే టర్ఫూ మారదు. మారితే గిరితే జీతమిచ్చే కంపెనీ మారుతుంది. కాబట్టి హాకీవాళ్లు ఊరి గురించి బెంగపడటం మాని కంపెనీ మీద కన్నేయాలి.

కాంట్రాక్టు: ఏ పేజీలో ఏం చూడాలి

2024 హాకీ ఇండియా లీగు వేలంలో 2 లక్షల బేస్ ధరకు వెళ్లిన జూనియర్‌కైనా, 78 లక్షలు పలికిన హర్మన్‌ప్రీత్ సింగ్‌కైనా ఒప్పందం ఒక కంపెనీతోనే, ఊరితో కాదు. మొదటి పేజీలో మీరు కాక అవతలి పక్షంగా ఎవరి పేరుందో చూడండి. జట్టు పేరు వేరు, కంపెనీ పేరు వేరు. బాకీ అడగాల్సి వస్తే లేఖ ఆ కంపెనీ పేరు మీద, ఆ రిజిస్టర్డ్ చిరునామాకే వెళ్లాలి. జట్టు పేరు మీద రాసిన లేఖకు బదులివ్వాల్సిన పని మాకు లేదని కంపెనీ తప్పించుకోగలదు.

తర్వాత వెతకాల్సింది అసైన్‌మెంట్ అనే క్లాజు. మీ ఒప్పందాన్ని మరో కంపెనీకి బదలాయించే హక్కు యజమానికి ఉందా, ఉంటే మీ సంతకం కావాలా వద్దా అన్నది అందులో ఉంటుంది. "ఆటగాడి అనుమతి లేకుండానే" అని రాసుంటే జట్టుతో పాటు మీరూ వెళ్లాల్సిందే. ఎన్‌హెచ్‌ఎల్‌లో పెద్ద ఆటగాళ్లు నో మూవ్‌మెంట్ క్లాజు పెట్టించుకుంటారు. తమను వేరే జట్టుకు పంపకుండా అది ఆపుతుంది గానీ, జట్టే మూటాముల్లె సర్దుకుని ఊరు మారితే ఆపలేదు. అంత బలమున్న క్లాజే ఆపలేనప్పుడు మన కాంట్రాక్టుల్లో "నేను రాను" అనే వీలు వెతకడం దండగ. "ఎవరు ఎంత ఇస్తారు, ఏ తేదీకి ఇస్తారు" అన్నది గట్టిగా రాయించుకోవడమే పని.

యజమాని మారుతున్నాడని తేలగానే మూడు పక్షాల ఒప్పందం అడగండి. పాత కంపెనీ, కొత్త కంపెనీ, మీరు ముగ్గురూ సంతకం చేయాలి. ఫలానా తేదీ వరకు బాకీ పాతవాళ్లది, ఆ తర్వాతది కొత్తవాళ్లది అని తేదీ అంకెల్లో ఉండాలి. ఆటగాళ్లు దెబ్బతినేది ఇక్కడే. సీజన్ చివరి వాయిదా రావాల్సి ఉండగా యజమాని మారతాడు. పాతవాళ్లు కొత్తవాళ్లను అడగమంటారు, కొత్తవాళ్లు అది మా హయాంలోది కాదంటారు. ఈ గందరగోళంలోనే ఎవరో ఒక కాగితం తెచ్చి "ఇక్కడో సంతకం పెట్టు బాబూ, ఫార్మాలిటీయే" అంటారు. అది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్, అంటే నాకు ఇక బాకీ ఏమీ లేదని ఒప్పుకునే కాగితం అయితే, డబ్బు బ్యాంకులో పడకముందు సంతకం పెట్టొద్దు. పెట్టాక బాకీ ఉందని నిరూపించడం చాలా కష్టం.

టీడీఎస్ కూడా చూసుకోండి. మీ ఫీజులోంచి కోసుకున్న పన్ను మీ పాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో కనిపిస్తుంది. కంపెనీ మారిన ఏడాది రెండు పేర్ల కింద రెండు మొత్తాలు కనిపించాలి. పాత కంపెనీది కనిపించకపోతే కోత పడింది గానీ కట్టలేదేమోనని, లేదా లెక్క సరిగ్గా చూపలేదేమోనని అనుమానించాలి. ఆ కంపెనీ ఆఫీసు తెరిచి ఉన్నప్పుడే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

గాయంలో ఉన్నవాళ్లు అన్నిటికంటే ముందు ఇన్సూరెన్స్ సంగతి అడగాలి. పాలసీ పాత కంపెనీ పేరు మీద ఉంటుంది. అది ఏ తేదీతో ఆగిపోతుంది, మోకాలి ఆపరేషన్ తర్వాత ఆర్నెల్ల ఫిజియో ఖర్చు ఎవరిది అన్నది మెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో "చూసుకుంటాం లే" అన్న మాట లెక్కలోకి రాదు.

కాంట్రాక్టు మొత్తం స్కాన్ చేసి ఒకటి మెయిల్‌లో, ఒక జిరాక్సు ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఉంచండి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కోర్టు దగ్గర కాంట్రాక్టులు చూసే అడ్వకేటుకి ఒకసారి చూపిస్తే అయ్యే ఖర్చు, ఒక వాయిదా డబ్బు పోగొట్టుకుంటే కలిగే నష్టం ముందు ఏపాటిది?

నోటి మాట

విలేకరి ఫోన్ చేస్తాడు. అతని పని అతను చేస్తున్నాడు, విసుక్కోవద్దు. జవాబు రెండు వాక్యాలకు మించొద్దు. "తరలింపు గురించి యాజమాన్యమే చెప్పాలి. నేను శనివారం మ్యాచ్ గురించి మాట్లాడతాను." ఇంతే. రెట్టించి అడిగితే ఇవే వాక్యాలు మళ్లీ చెప్పండి.

ఆటగాళ్లు రెండు రకాలుగా చిక్కుకుంటారు. ఒకరు "ఇక్కడ జనమే రారు, వెళ్లిపోతేనే మంచిది" అంటారు. తరలింపు ఆగిపోతే మళ్లీ ఆ జనం ముందే ఆడాలి, మొదటి తప్పు పాస్‌కే గ్యాలరీ ఆ మాట గుర్తుచేస్తుంది. ఇంకొకరు ఉద్వేగంతో "ఈ ఊరు వదిలి ఎక్కడికీ పోను" అంటారు. నెల తిరక్కుండా కొత్త ఊళ్లో కొత్త జెర్సీ పట్టుకుని ఫొటోకి నిలబడాలి. ఊరి మీద ప్రేమ ఉంటే "ఈ ఊరి జనం మమ్మల్ని బాగా చూసుకున్నారు" అనండి. అది జట్టు ఉన్నా, వెళ్లినా నిజంగానే నిలుస్తుంది.

సదుపాయాల మీద ఫిర్యాదు ఉంటే దాన్ని ఒక్కరే మోయకూడదు. కయోటీస్ విషయంలో 2024 ఫిబ్రవరిలో బాహాటంగా నిలదీసింది ఆటగాళ్ల సంఘం అధినేత మార్టీ వాల్ష్. మైదానంలో ఉన్న కుర్రాళ్ల మీద ఆ బరువు పడలేదు. మన దగ్గర అలాంటి సంఘం అండ లేకపోతే కెప్టెన్ ద్వారా, పదిమంది సంతకాలతో, మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. వాట్సాప్ స్టేటస్‌లో విరిగిన గుండె బొమ్మ కూడా వార్త అవుతుందని గుర్తుంచుకోండి. సంక్రాంతికి చుట్టాలందరూ ఒకచోట చేరతారు, ఇంట్లోవాళ్ల నోటి నుంచి జారిన మాట కూడా మీ మాటగానే తిరుగుతుంది. వాళ్లకీ ఆ రెండు వాక్యాలే నేర్పండి.

డ్రెస్సింగ్ రూములో

అందరి బాధా ఒకటి కాదు. పిల్లలు బడికి వెళ్తున్న సీనియర్‌కి విద్యా సంవత్సరం బెంగ. జూనియర్‌కి తుది జట్టులో చోటు ఉంటుందా అన్నది బెంగ, ఎందుకంటే కొత్త యజమాని కొత్త కోచ్‌ని తెస్తే పాత లెక్కలన్నీ చెరిగిపోతాయి. విదేశీ ఆటగాడికి వీసా, విమానం. వీళ్లందర్నీ కూర్చోబెట్టి ఒక్కసారే మాట్లాడాల్సింది కెప్టెన్. మ్యాచ్‌కి ముందురోజు వద్దు, మ్యాచ్ అయిన మర్నాడు పెట్టండి. ప్రశ్నలు కాగితం మీద రాయించి, జవాబు తెలిసినవాటికి చెప్పి, మిగతావి మేనేజర్‌కి ఇచ్చి తేదీ అడగాలి. ఈ పని జరగకపోతే రోజూ భోజనాల దగ్గర అదే చర్చ నడుస్తుంది. దాని ఫలితం పెనాల్టీ కార్నర్ల దగ్గర కనబడుతుంది. బంతిని గోల్ లైన్ నుంచి అందించే ఇంజెక్టర్, దాన్ని ఆపే స్టాపర్, గోల్‌లోకి విసిరే ఫ్లిక్కర్ ముగ్గురి లయ మీద నడిచే పని అది, ఒక్కరి ధ్యాస తప్పినా బంతి స్టిక్కు మీదుగా దూకుతుంది.

బెంగ ఉన్న ఆటగాడికి ఒక పేరు చెప్పండి. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు షేన్ డోన్ 1995-96లో కెనడాలోని విన్నిపెగ్‌లో కుర్రాడిగా మొదటి సీజన్ ఆడాడు. అది అవ్వగానే జట్టు అరిజోనాలోని ఫీనిక్స్ ఎడారికి తరలిపోయింది, పైన చెప్పిన కయోటీస్ అదే. అతను 2017 దాకా అదే జట్టులో ఆడాడు, ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్నాడు.

కిట్టు, ప్రయాణం

సామాను సర్దేముందు ప్రతి స్టిక్కునూ పరీక్షించండి. గ్రిప్పు దగ్గర వదులుగా, రెండు వేళ్లతో పట్టుకుని వేలాడదీసి, తల భాగాన్ని సిమెంటు గచ్చుకి మెల్లగా తాటించండి. బాగున్న కాంపోజిట్ స్టిక్కు ఖంగుమని మోగుతుంది. లోపల పగులుంటే పగిలిన కుండలా బొంగురుగా మోగుతుంది. మట్టి గ్రౌండ్లలో పెరిగిన మన పిల్లల స్టిక్కులకి కొన వంపు దగ్గర అరుగుదల ఎక్కువ, అక్కడ వేలితో నిమిరి చూస్తే నార పైకి లేచినట్టు గరుగ్గా తగులుతుంది. అది ప్రాక్టీసుకి పక్కన పెట్టండి. కొత్తది కొనేటప్పుడు గరిష్ఠ బరువు 737 గ్రాములు, పొడవు 105 సెంటీమీటర్లు, కర్ర పొడవునా ఉండే వంపు 25 మిల్లీమీటర్లు దాటకూడదన్నది నియమం.

గోల్‌కీపర్ల ప్యాడ్లు ఫోమ్‌తో చేసినవి. తాళ్లతో బిగించి కడితే నొక్కుకుపోయి బంతి తిరిగి ఎగిరే దూరం తగ్గుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలినా అంతే. చెమటతో మూట కట్టొద్దు, ఒక పూట నీడలో ఆరనివ్వండి.

రూర్కెలా, రాంచీ వెళ్లడానికి విజయనగరం వాళ్లది అదృష్టం. బొకారో ఎక్స్‌ప్రెస్ రాయగడ, టిట్లాగఢ్, ఝార్సుగూడ మీదుగా ఆ రెండు ఊళ్లకీ నేరుగా వెళ్తుంది. శ్రీకాకుళం వాళ్లు ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరంలో మారాలి, మధ్యలో కనీసం రెండు గంటల ఎడం ఉంచుకోండి. కీపర్ కిట్టు ఉంటే కింది బెర్తు బుక్ చేయండి, పై బెర్తు దగ్గర ఆ సంచికి చోటు ఉండదు.

ఇల్లు

జట్టు ఉన్న ఊళ్లో అద్దెకు దిగేటప్పుడే 11 నెలల అగ్రిమెంటులో ఒక నెల నోటీసుతో ఖాళీ చేయొచ్చని రాయించండి. లేకపోతే జట్టు వెళ్లాక అడ్వాన్సు వెనక్కి రావడం కష్టం. ఫ్రిజ్జు, మంచాలు కొనకుండా సామాను ఉన్న ఇల్లే చూసుకోండి. ఆధార్, బ్యాంకు ఖాతా చిరునామా సొంతూరిదే ఉంచండి, ఏటా మారే అద్దింటికి మార్చుకుంటూ పోతే చెక్కులు, లేఖలు ఎక్కడో తిరుగుతుంటాయి. పిల్లల టీసీ మాత్రం ఏప్రిల్‌లోనే అడగండి, జూన్‌లో బడి తెరిచాక సీటు దొరకడం కష్టం.

జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్షల జాబితాలో పేరున్నవాళ్లు ఉండే చోటు వివరాలు అదే రోజు మార్చాలి. పాత చిరునామాకి పరీక్షకు వచ్చి మీరు లేరని రాసుకుంటే ఒక తప్పు లెక్కలో పడుతుంది. వివరాలు ఇవ్వకపోవడమూ అందులోకే వస్తుంది. 12 నెలల్లో అలాంటివి మూడు పడితే డోపింగ్ ఉల్లంఘన కింద నిషేధం దాకా వెళ్తుంది. "జట్టు మారింది కదండీ" అన్న జవాబు అక్కడ పనికిరాదు. అందుకే ఇల్లు ఖాళీ చేసే రోజు చేయాల్సిన పనుల్లో దీన్ని అన్నిటికంటే పైన రాసుకోండి, సామాను లారీ ఎక్కించకముందే పూర్తి చేయండి.