వెనక టైరు గాలి తీసి సాధన చేసేవాళ్లకు, వానలకు ముందు

కాలువలకు నీళ్లు వదిలారు. కోనసీమలో ఒక కాలువ గట్టు రోడ్డు మీద గత వారం జరిగిన ప్రమాదం గురించి విన్నవాళ్లంతా "వేగంగా వెళ్లి ఉంటాడు" అన్నారు. వేగం కాదు. ఆ కుర్రాడు సాయంత్రం దాకా గోదావరి లంకలో ట్రయల్స్ (బైకు మీద రాళ్లూ దుంగలూ దాటే పోటీ) సాధన చేసి ఇంటికి వస్తున్నాడు. మలుపు దగ్గర ట్రాక్టరు ఎదురైతే బ్రేకు వేశాడు. వెనక చక్రం పక్కకు జారింది, బండీ మనిషీ కలిసి కాలువలో పడ్డారు. గట్టు మీద గడ్డి కోస్తున్నవాళ్లు వెంటనే దిగి బయటికి లాగబట్టి ప్రాణం దక్కింది. భుజం ఎముక విరిగింది. బండిని పైకి తీశాక చూస్తే వెనక టైరులో గాలి లేదు, ట్యూబు వాల్వు మొదలంటా తెగిపోయి ఉంది. సాధన కోసం తీసిన గాలిని తిరిగి నింపకుండానే అతను తారు రోడ్డు ఎక్కాడు.

హెల్మెట్ గురించి, బూట్ల గురించి ఇక్కడ రాయను. అవి తెలియనివాళ్లు లేరు. నేను రాయదలుచుకున్నది ఈ ఒక్క తప్పు గురించే. బైకు మీద రాళ్లెక్కడం నేర్చుకుంటూ గట్టిగా దెబ్బతిన్నవాళ్లలో నేను చూసినంతవరకు రాళ్ల మీద పడ్డవాళ్లు తక్కువ, ఇంటికి వస్తూ పడ్డవాళ్లు ఎక్కువ. తారు ఎక్కేముందు గాలి నింపండి.

గాలి ఎందుకు తీస్తారు

ట్రయల్స్ పోటీలో వేగానికి విలువ లేదు. రాళ్లు, దుంగలు, నిట్టనిలువుగా ఉండే గట్లు దాటాలి, కాలు మాత్రం నేలకు ఆనకూడదు. ఒకసారి ఆనితే ఒక పాయింటు జరిమానా, పడితే అయిదు. 2007లో తొలి ప్రపంచ టైటిల్ గెలిచి ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎదురు లేకుండా సాగిన స్పెయిన్ ట్రయల్స్ రైడర్ టోనీ బౌ వీడియోలు చూసి మన కుర్రాళ్లు ముందుగా నేర్చుకునేది గాలి తీయడం. ఆ వీడియోల్లో కనిపించే బండి వెనక టైరు 4.00-18 కొలతది, అందులో గాలి 4 నుంచి 6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉంటుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. అంత తక్కువ గాలితో టైరు రాయి ఆకారానికి ఒదిగి, దాని అంచులను పట్టుకుని పైకి లాగుతుంది. అందులో అబద్ధం ఏమీ లేదు.

అయితే ఆ బండి బరువు 70 కిలోల పైచిలుకు. మనం రోజూ నడిపే 100 సీసీ బండి 110 కిలోలు దాటుతుంది. ట్రయల్స్ బండి వెనక టైరుకు ట్యూబు ఉండదు. గాలి బయటికి పోకుండా మూసి ఉండే రిమ్ము, దాన్ని బిగించి పట్టుకునే టైరు అంచు ప్రత్యేకంగా తయారుచేసినవి. బండి నడిచేది మనిషి నడకంత వేగంతో. చాలా పోటీలకు బండిని వ్యానులోనో ట్రెయిలర్ మీదో తెస్తారు. సీటు తీసేసి, బటన్ టైరు (పైన రబ్బరు దిమ్మలున్న టైరు) వేసి, దాన్నే ట్రయల్స్ బండి అనుకుంటున్న పాత కమ్యూటర్ బైకుకు ఇందులో ఒక్కటీ వర్తించదు. దాని మీదే ఇంటి నుంచి లంకకు, లంక నుంచి ఇంటికి తిరగాలి.

ఇంకో సంగతి. గాలి తక్కువగా ఉన్న టైరు ఒదగడానికి రాయి ఉండాలి. మన డెల్టాలో రాయి ఎక్కడుంది? ఏటిగట్టుకు వేసిన రాతి కట్టడం, పాత లాకుల దగ్గర పడి ఉన్న దిమ్మలు తప్ప అడుగున అంతా ఒండ్రు, బంకమట్టి. పొడి ఇసుకలో గాలి తగ్గిస్తే టైరు దిగబడకుండా కొంత మేలు జరుగుతుంది. తడిసిన బంకమట్టిలో ఆ మేలు చాలా తక్కువ, ఎందుకంటే మట్టి బటన్ల మధ్య నిండిపోగానే టైరు నున్నటి అప్పడాల కర్ర అయిపోతుంది. ట్రయల్స్ టైరు బటన్లు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఇంకా త్వరగా నిండుతాయి. అక్కడ 5 పీఎస్ఐ ఉన్నా 15 ఉన్నా పెద్ద తేడా లేదు. తేడా అంతా తారు మీద కనిపిస్తుంది.

తారు మీద ఏమవుతుంది

ట్యూబు టైరులో గాలి తక్కువైతే టైరు రిమ్ము మీద బిగువుగా కూర్చోదు. బ్రేకు వేసినప్పుడు, యాక్సిలరేటర్ తిప్పినప్పుడు రిమ్ము ఒక పక్కకు, టైరు ఒక పక్కకు కొద్దికొద్దిగా జరుగుతాయి. లోపలి ట్యూబు టైరుతో పాటు పోతుంది. వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. ముందు వాల్వు వంగుతుంది, తర్వాత మొదట్లో చీలుతుంది. మేకు గుచ్చుకుంటే గాలి మెల్లగా దిగుతుంది, ఆగడానికి సమయం దొరుకుతుంది. వాల్వు తెగితే అదేమీ ఉండదు, క్షణంలో చక్రం రిమ్ము మీద నిలబడుతుంది.

ట్యూబ్‌లెస్ కదా, మాకేం భయం అంటారు కొందరు. గాలి తక్కువగా ఉన్నప్పుడు మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి విడిపోతే గాలి మొత్తం ఒకేసారి పోతుంది. అంచు విడిపోకపోయినా, ప్రతి చుట్టుకూ టైరు పక్కభాగం నలిగి నలిగి వేడెక్కుతుంది, లోపలి పొరలు బలహీనపడతాయి. ఆ నష్టం బయటికి కనిపించదు. మీరు గాలి నింపి, అంతా బాగుందనుకుని, మరో రోజు వెనక మనిషిని ఎక్కించుకుని వెళ్తున్నప్పుడు అది బయటపడుతుంది.

పైగా జూన్, జూలైలలో మన రోడ్లు ఎలా ఉంటాయో తెలియనిదేమీ కాదు. దమ్ము చేసిన ట్రాక్టర్లు పొలం మట్టిని చక్రాలతో రోడ్డెక్కిస్తాయి. దాని మీద చినుకు పడితే తారు మీద సన్నటి బంక పొర తయారవుతుంది. ఆ పొరను నొక్కి, చీల్చి, కింది తారును అందుకోవాలంటే టైరులో బిగువు కావాలి. మెత్తటి టైరు ఆ పొర మీదే తేలుతుంది. వాన మొదలైన తొలి పావుగంట అన్నిటికంటే ప్రమాదం. కుంభవృష్టి పడ్డాక రోడ్డు కడుక్కుపోయి కొంత నయమవుతుంది.

అందరూ చెప్పే సాకు ఒకటే: "దగ్గరే కదా, ఇంటికెళ్లి నింపుకుంటాను." ఇల్లు దగ్గరైతే కాలువ ఇంకా దగ్గర. రోడ్డుకు అరగజం అవతల నిండుగా పారే నీళ్లు, చాలాచోట్ల పిట్టగోడ కూడా లేదు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఇదే మలుపులో జారితే పొడి మట్టిలో దొర్లి లేచేవాళ్లు. ఇప్పుడు అడుగున బురద, పైన గుర్రపుడెక్క. ఈత వచ్చినవాడు కూడా బండి కింద కాలు ఇరుక్కుంటే పైకి రాలేడు. తారు ఎక్కేముందు గాలి నింపండి. చేతిపంపు లేకుండా గాలి తీయకండి.

సాధన బండికి

మామూలు గేజి 5, 6 పీఎస్ఐలను నమ్మదగినట్టు చూపించదు. 0 నుంచి 15 వరకు కొలిచే చిన్న గేజి కొనుక్కోండి. తక్కువ గాలిలో ఒక్క పీఎస్ఐ తేడా కూడా బండి నడకను మార్చేస్తుంది. ఎండలో నిలబెట్టిన టైరులో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి నీడలో, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవండి.

ట్యూబు టైరుతో సాధన చేసేవాళ్లు రిమ్ లాక్ వేయించుకోవాలి. అది టైరు అంచును రిమ్ముకు అదిమి పట్టి టైరు జరగకుండా ఆపుతుంది. అది లేకపోతే, మైదానంలోనైనా 18 పీఎస్ఐ కంటే కిందికి నేను ఒప్పుకోను. వాల్వు నట్టును రిమ్ముకు బిగించకండి. పైకి తెచ్చి వాల్వు మూత దగ్గర వదిలేయండి. అప్పుడు టైరు జరిగితే వాల్వు వాలి మీకు కనిపిస్తుంది, బిగించి ఉంటే కనిపించకుండా తెగుతుంది. టైరు మీద, రిమ్ము మీద కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. గీత విడిపోయిందంటే సాధన ఆపేయాలి, ట్యూబు విప్పి చూడాలి. పెయింటు ఖర్చు ఎంత?

గ్రిప్ కావాలంటే గాలి జోలికి వెళ్లే ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. వెనక టైరు బటన్ల అంచులు పదునుగా ఉన్నాయా చూడండి. తోసే వైపు అంచు గుండ్రంగా అరిగిపోతే ఎంత గాలి తీసినా రాయిని పట్టదు. దిశ గుర్తు లేని టైరయితే తిప్పి వేయిస్తే రెండో వైపు పదును పనికొస్తుంది. బంకలో మొదటి గేరు కంటే రెండో గేరు మేలు, చక్రం గిర్రున తిరగదు. కొండ ప్రాంతాల్లో చక్రం తిప్పితే పైమట్టి పోయి అడుగున గట్టినేల దొరకవచ్చు. మన దగ్గర ఎంత తవ్వినా దొరికేది ఇంకొంచెం బురదే. యాక్సిలరేటర్ మెల్లగా, క్లచ్చి వేళ్ల చివర, నడుము వెనక్కి, మోకాళ్లు కొద్దిగా వంచి. వెనక షాక్ అబ్జార్బర్ నూనె కారిపోయి ఎగిరెగిరి పడుతుంటే చక్రం నేలను వదిలేస్తుంది. కొత్త టైరు కొనే డబ్బుతో ముందు దాన్ని బాగుచేయించండి.

ఇక మిగిలినవి వరసగా చెప్తాను.

ఏటిగట్టు వాలు మీద సాధన చేయకండి. టైరు చేసిన గాడిలోనే వాన నీరు పారుతుంది, అది కోతకు దారి. 1986 గోదావరి వరద చూసినవాళ్లను అడగండి, గట్టంటే ఏమిటో చెప్తారు.

రాతి కట్టడం మీద పాచి పట్టాక ఎక్కకండి. దానికి ఏ టైరూ లేదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే లంకలోకి బండి దించకండి. దించి ఉంటే ఆ క్షణమే బయటికి తెచ్చేయండి.

మట్టి నిండిన టైరుతో రోడ్డెక్కకండి. పుల్లతో గీకండి. ముందు చక్రం మడ్‌గార్డు లోపల కూడా గీకండి. అక్కడ గట్టిపడ్డ బంక చక్రాన్ని ఆపేస్తుంది.

సాధన చేసిన టైరుతో పాల క్యాన్లు మోయకండి. చేపల చెరువు గట్టు మీద మేత బస్తా వేసుకుని వెళ్లే బండికి గాలి తీయకండి, జారుతోందని అస్సలు తీయకండి. వెనక 75 కిలోల ధాన్యం బస్తా ఉంటే కంపెనీ చెప్పిన గాలి అంకె ఇంకా పెరుగుతుంది, తగ్గదు. ఆ అంకె చైను కవరు మీద స్టిక్కరుపై ఉంటుంది లేదా బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పంక్చర్ షాపులో "ఎంతో కొంత కొట్టు" అనకండి. అంకె చెప్పండి.

తమ్ముడికి బండి ఇచ్చే ముందు గాలి చూడండి. మీరు తీశారని వాడికి తెలియదు.

చేతిపంపు ఎవరికీ అరువివ్వకండి.

ఇద్దరు కలిసి సాధనకు వెళ్తే ఇద్దరి టైర్లూ ఇద్దరూ చూడండి. చీకటి పడ్డాక సాధన వద్దు, వాన మొదలయ్యాక వద్దు. ఆకలి వేస్తోందని, అమ్మ ఫోను చేస్తోందని, పంపు కొట్టడానికి ఓపిక లేదని, ఊరు కనిపిస్తూనే ఉందని రోడ్డెక్కకండి. పంపు కొట్టలేకపోతే బండిని నడిపించుకుంటూ వెళ్లండి. పుంత దాటి తారు కనిపించగానే ఆగండి, దిగండి, గేజి పెట్టి చూడండి, నింపండి, వాల్వు నిటారుగా ఉందో లేదో చూడండి, అప్పుడు ఎక్కండి.