సిరప్ వేసినా పిల్లలకి జ్వరం తగ్గట్లేదా? మందు మార్చే ముందు సీసా మీద అంకె చూడండి

సమస్య: పారాసెటమాల్ వేసి గంటన్నర అయింది, ఒళ్లు ఇంకా కాలిపోతూనే ఉంది. లేదంటే తగ్గినట్టే తగ్గి రెండు గంటల్లో మళ్లీ ఎక్కేస్తోంది.

నేను మెడికల్ షాపులో పనిచేస్తా. వానాకాలం మొత్తం కౌంటర్ దగ్గర ఇదే మాట, దాని వెనకే "దీనికంటే పవర్ ఉన్నది ఇవ్వండి" అని ఇంకో మాట. సీసా తెచ్చారా అంటే తేరు, పిల్లాడి బరువెంత అంటే "ఏమో, పదో పన్నెండో ఉంటాడు" అంటారు. ఈ రెండూ తెలీకుండా ఏ మందు మార్చినా లాభం లేదండీ. సీసా ఊపి పోయడం, థర్మామీటర్ పెట్టి చూడటం లాంటివి మీకొచ్చనే అనుకుని రాస్తున్నా.

అసలు ఎంత తగ్గాలి?

103 ఉన్నది 98.6కి దిగిపోవాలని చూస్తే ఏ సిరప్ అయినా పనిచేయనట్టే కనిపిస్తుంది. పారాసెటమాల్ అరగంట, గంటలో మొదలై మామూలుగా ఒకటి రెండు డిగ్రీలు దింపుతుంది, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. 103 కాస్తా 101 అయి, పిల్ల లేచి నీళ్లు తాగి నాలుగు మాటలు మాట్లాడితే మందు దాని పని అది చేసినట్టే. లోపల ఇన్ఫెక్షన్ ఉన్నన్నాళ్లు జ్వరం మళ్లీ వస్తుంది, అది మందు తప్పు కాదు. చలేస్తుందని స్వెటర్, టోపీ, దుప్పటి అన్నీ కప్పి ఫ్యాన్ ఆపేస్తే మాత్రం వేడి బయటికి పోదు, పల్చటి కాటన్ బట్టలు చాలు. చేత్తో నుదురు పట్టుకుని చూడటం లెక్కలోకి రాదు, థర్మామీటరే పెట్టండి.

ఇవన్నీ సరిగ్గానే ఉండి కూడా ఒక్క డిగ్రీ దిగట్లేదంటే అప్పుడు కింది సంగతి చూడండి.

చాలామంది చూడని కారణం: ఎంఎల్ అదే, మందు వేరు

మన దగ్గర పిల్లల పారాసెటమాల్ మూడు బలాల్లో దొరుకుతుంది. చుక్కల మందు, అంటే డ్రాప్స్, ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజి. మామూలు సిరప్ 5 ఎంఎల్‌లో 125 ఎంజి, కొన్నిటి మీద 120 అని ఉంటుంది. డబుల్ సిరప్ 5 ఎంఎల్‌లో 250, కొన్నిటి మీద 240. చాలాసార్లు రంగూ ఒకటే, వాసనా ఒకటే, పేరు పక్కన అంకె ఒక్కటే తేడా.

అందరూ బోల్తా పడేది డ్రాప్స్ దగ్గర. పసిపిల్లలకి ఇచ్చేది కదా పల్చగా ఉంటుందిలే అనుకుంటారు. నిజానికి మూడింట్లో చిక్కటిది అదే, పసిబిడ్డ ఎక్కువ మింగలేదు కాబట్టి కొంచెంలోనే ఎక్కువ మందు పెడతారు. మామూలు సిరప్ కంటే నాలుగింతలు.

ఒకసారి ఏడాది దాటిన పాపని తీసుకుని ఒక కుటుంబం వచ్చింది, మూడు రోజులుగా జ్వరం 102 దిగట్లేదట. రక్తపరీక్షలు చేయించారు, యాంటీబయాటిక్ మొదలైంది, అమ్మమ్మ దిష్టి కూడా తీసింది, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఏ మందు ఎంత వేస్తున్నారంటే డాక్టర్ చెప్పినట్టే 1.5 ఎంఎల్ అన్నారు. చీటీలో రాసింది డ్రాప్స్. వాళ్లు కొన్న చోట డ్రాప్స్ అయిపోయి సిరప్ ఇచ్చారు, ఎంఎల్ మారుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పాప బరువు 10 కిలోలు, ఒక డోస్‌కి 150 ఎంజి దాకా వెళ్లాలి, మామూలు సిరప్ 1.5 ఎంఎల్‌లో వెళ్లింది 37 చిల్లర. అంటే పావు డోస్. ఆ పాపకి అసలు మందే సరిగ్గా పడలేదు, తగ్గడం ఎలా తగ్గుతుంది? అప్పట్నుంచి ఎవరు జ్వరం తగ్గట్లేదన్నా నేను ముందు సీసా చూపించమనే అడుగుతున్నా.

ఇది తిరగబడితే ఇంకా ప్రమాదం. సిరప్ 6 ఎంఎల్ అలవాటైన ఇంట్లో డ్రాప్స్ తెచ్చి అదే 6 ఎంఎల్ పోస్తే ఒక్క దెబ్బకి 600 ఎంజి, నాలుగు డోసులు ఒకేసారి. రోజంతా అలాగే వేస్తే లివర్ మీద పడుతుంది. మోసం ఏంటంటే మొదటి రోజు వాంతులు తప్ప ఏమీ కనపడకపోవచ్చు, ఒక్కోసారి అవి కూడా ఉండవు. ఎక్కువ పడిందని తెలిస్తే పిల్ల బాగానే ఆడుకుంటోంది కదా అని చూస్తూ కూర్చోవద్దు, సీసా పట్టుకుని వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. దీనికి విరుగుడు మందు ఉంది, ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

ఇదే గొడవలో ఇంకోటి, జలుబు సిరప్పుల్లో కూడా చాలావాటిలో పారాసెటమాల్ కలిపే ఉంటుంది. అమ్మ జ్వరం మందు వేస్తుంది, నాన్న జలుబు మందు వేస్తాడు, ఒకే మందు రెండుసార్లు పడుతుంది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు చదవండి.

అమెరికాలో ఉండేవాళ్లకి: అక్కడ దీని పేరు అసిటమినోఫెన్, 2011 నుంచి కంపెనీలు పిల్లల లిక్విడ్‌ని 5 ఎంఎల్‌కి 160 ఎంజిగా ఒకటే చేశాయి. అత్తగారు సూట్‌కేసులో తెచ్చిన ఇక్కడి సీసాకి అక్కడి డాక్టర్ చెప్పిన ఎంఎల్ సరిపోదు.

ఎలా సరిచేసుకోవాలి

ఈ వారమే బరువు చూడండి. అంగన్‌వాడీలో తూకం ఉంటుంది, లేదా మీరు పిల్లని ఎత్తుకుని ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి తీసేయండి. కిలోకి 15 ఎంజి చొప్పున ఒక డోస్. 10 కిలోలకి 150 ఎంజి, అది డ్రాప్స్ అయితే 1.5 ఎంఎల్, 125 సిరప్ అయితే 6, 250 సిరప్ అయితే 3. పోయిన ఏడాది చీటీ చూసి ఈ ఏడాది వేయకండి, బరువు పెరిగుంటుంది. మధ్యలో కనీసం నాలుగు గంటలు, ఆరైతే మంచిది, 24 గంటల్లో నాలుగుసార్లు మించొద్దు. మీ లెక్క, సీసా మీద అంకె మా షాపులోనో మీ డాక్టర్‌కో ఒకసారి చూపించి సరే అనిపించుకోండి, ముఖ్యంగా పిల్లకి లివర్ సమస్య ఉన్నా, తిండి సరిగ్గా తినకపోతున్నా.

వంటింటి స్పూన్ వద్దు, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. సూది లేని 5 ఎంఎల్ సిరంజి అడగండి, ఏ షాపులోనైనా ఇస్తారు. ఒక సీసా డ్రాపర్ ఇంకో సీసాకి వాడొద్దు. వేసిన పావుగంటలోపు మొత్తం కక్కేస్తే మళ్లీ వేయొచ్చు, అంతకంటే లేటయితే తర్వాతి డోస్ దాకా ఆగండి.

"పవర్ ఉన్నది" అంటే?

నిమెసులైడ్ 12 ఏళ్లలోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు, పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి. ఆస్పిరిన్ అసలొద్దు. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ డాక్టర్ రాస్తేనే, డెంగీ అనుమానం ఉన్న సీజన్‌లో సొంతంగా అస్సలు వేయొద్దు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది.

నకిలీ మందు, డేట్ అయిపోయిన మందు, "మా పిల్లాడికి పారాసెటమాల్ పడదు" లాంటివి ఉంటాయి కానీ చాలా అరుదు, వాటి దాకా ముందే పోకండి.

మందుతో ఆగకూడనివి: మూడు నెలల్లోపు బిడ్డకి 100.4 దాటితే సిరప్ వెతక్కుండా హాస్పిటల్‌కే. ఏ వయసైనా లేపినా లేవకపోవడం, డొక్కలు ఎగరేయడం, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోవడం, మెడ బిగుసుకోవడం, ఒంటి మీద ఎర్ర మచ్చలు, మూడు రోజులు దాటిన జ్వరం, వీటికి ఇంట్లో ఆగొద్దు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో స్పూన్, నీళ్లు, మందు ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మానేసి టైమ్ చూడండి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి, ఆగిపోయినా మొదటిసారి అయితే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. వెళ్లేటప్పుడు సీసా, ఎన్నింటికి ఎంత వేశారో రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.