కంప్యూటర్ గుర్తుపట్టని పాత హార్డ్ డిస్కు నుంచి డేటా ఎలా తీయాలి?

కర్నూలులో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. డిస్కు పాడై పోయిన డేటా కన్నా, పాడయ్యాక తొందరపడి పోగొట్టుకున్న డేటానే ఎక్కువ చూశాను. పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, చనిపోయిన నాన్న గొంతు ఉన్న వీడియో. ఇవి మళ్లీ దొరికేవి కావు. అందుకే డిస్కు ముట్టుకునే ముందు ఇదంతా ఒకసారి చదవండి.

కావలసినవి: విడిగా పవర్ ఇచ్చే సాటా–యూఎస్‌బీ అడాప్టర్ (పాత డిస్కును యూఎస్‌బీ పోర్టుకు కలిపేది), పాతదానికన్నా పెద్ద కొత్త డిస్కు, ఒక పెన్‌డ్రైవ్, యూపీఎస్. వెడల్పు పట్టీ కేబుల్ ఉండే ఐడీఈ డిస్కయితే ఆ పిన్నులు కూడా పట్టే అడాప్టర్ తీసుకోండి.

మొదట కరెంటు చూడండి. డెస్క్‌టాప్ వాడే 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కూడా కావాలి. మామూలు యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. ల్యాప్‌టాప్ డిస్కుకు ఆ 5 చాలు, కానీ సీపీయూ వెనకవైపు పోర్టులోనే పెట్టాలి. ముందువైపు పోర్టులను ఈ పనికి నేను అసలు నమ్మను. చచ్చిపోయిందని తెచ్చిన డిస్కు కేబుల్ మార్చగానే లేచి కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి.

తర్వాత పవర్ ఇచ్చి డిస్కు మీద అరచేయి ఆనించండి. సన్నటి వణుకు, ఒకే రకం హోరు వస్తే లోపల పళ్లెం తిరుగుతున్నట్టే. టక్, టక్ అని లెక్కపెట్టినట్టు కొట్టుకుంటున్నా, గరగర గీరుతున్నా వెంటనే పవర్ తీసేయండి. ఇంకోసారి పెట్టి చూడొద్దు. చదివే హెడ్ పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం దానికి వేల రెట్లు. మన ఊరి దుమ్ములో మూత విప్పితే ఏమవుతుందో ఆలోచించండి. ఫ్రిజ్‌లో పెట్టడం కూడా తప్పే, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచిన సంగతి మనకు తెలిసిందే. అలా మునిగిన డిస్కులను ఎండలో ఆరబెట్టి పవర్ ఇవ్వకూడదు. చాలా డిస్కులకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, బురదనీళ్లు దాని గుండా లోపలికి పోతాయి. తడిసినవి, కొట్టుకునేవి, అసలు తిరగనివి, సైజు సున్నా చూపించేవి, ఇవన్నీ డేటా రికవరీ ల్యాబ్ పని. మిగతావి మీరు చేయొచ్చు.

డిస్కు తిరుగుతూ సైజు సరిగ్గా చూపిస్తుంటే విండోస్ ఒక పెట్టె చూపించి ఫార్మాట్ చేయమంటుంది, లేదా ఇనిషియలైజ్ (కొత్త డిస్కులా సిద్ధం) చేయమంటుంది. క్యాన్సిల్ కొట్టండి. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన స్టూడియో అతను "అది అడిగింది, నేను ఓకే కొట్టినా అన్నా" అన్నాడు. క్విక్ ఫార్మాట్ కాబట్టి ఫొటోలు దొరికాయి, పేర్లు, ఫోల్డర్లు మాత్రం పోయాయి. ఏ ఫొటో ఏ పెళ్లిదో విడదీయడానికి అతనికి వారాలు పట్టింది. ఫుల్ ఫార్మాట్ అయ్యుంటే విండోస్ మొత్తం సున్నాలతో నింపేసేది. చెక్‌డిస్క్ కూడా వద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను, సరిచేస్తుందే గానీ మీ ఫైళ్లను కాపాడదు.

ఇక అసలు పని. పాత డిస్కు మొత్తాన్ని కొత్త డిస్కులోకి ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, దించాలి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఆ ఇమేజ్ మీదే నడపాలి. చాలామంది సాఫ్ట్‌వేర్‌ను నేరుగా పాత డిస్కు మీదే నడుపుతారు. అది పాడైన చోట ఆగి అక్కడే గంటల తరబడి చదువుతూ ఉంటుంది, ఉన్న కాస్త ప్రాణం అక్కడే పోతుంది. దీనికి డీడీరెస్క్యూ వాడాలి, అది ఉచితం. తేలిగ్గా వచ్చేదంతా ముందు తీసుకుని, మొండికేసిన చోట్లను చివరికి వదిలేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్ (విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్) వేసుకుని దానితో కంప్యూటర్ ఆన్ చేస్తే అందులో ఇది సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడ చేయి తడబడితే తిరిగి రాదు. కమాండ్‌లో ముందు పాత డిస్కు పేరు, తర్వాత ఇమేజ్ ఫైలు, చివర మ్యాప్ ఫైలు (డీడీరెస్క్యూ తన పని లెక్క రాసుకునేది) రావాలి. ఎవరో రాసిన కమాండ్ కాపీ కొట్టి, ఇమేజ్ ఫైలు చోట డిస్కు పేరే ఇచ్చి, ముందూ వెనకా మార్చారంటే ఖాళీ డిస్కు వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది. లైనక్స్ డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెడుతుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఆ పేర్లు మారిపోవచ్చు. నిన్న ఎస్‌డీబీ కదా అనుకోవద్దు. రెండు డిస్కుల సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకుని, ప్రతిసారీ స్క్రీన్ మీద ఉన్నదానితో పోల్చి, వేలితో చూపిస్తూ పైకి చదవండి. రెండూ ఒకే సైజువి కాకుండా చూసుకోండి. 500 జీబీ డిస్కుకు 1 టీబీ కొనండి, కంటికే తేడా తెలుస్తుంది.

కొత్త డిస్కు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ ఫైలు కూడా పట్టదు, కాబట్టి ముందే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టుకోండి. మ్యాప్ ఫైలును ఇమేజ్ పక్కనే, కొత్త డిస్కులోనే దాచాలి. ఎంతవరకు చదివిందో అందులోనే రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌తో నడిచే సిస్టమ్ లోపల వదిలేస్తే, కంప్యూటర్ ఆగగానే అది పోతుంది, పని మొదటికి వస్తుంది. మ్యాప్ ఉంటే కరెంటు పోయి వచ్చినా ఆగిన చోటి నుంచే సాగుతుంది.

బాగున్న 500 జీబీ డిస్కయినా యూఎస్‌బీ 2.0లో నాలుగైదు గంటలు పడుతుంది. దెబ్బతిన్నది రోజులు తీసుకుంటుంది. ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున మొదలుపెట్టి, డిస్కుకు నేరుగా టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. మధ్యలో కొట్టుకునే శబ్దం మొదలైతే ఆపేయండి. వచ్చినంత వరకు మీ దగ్గరే ఉంటుంది.

ఇమేజ్ చేతికొచ్చాక మిగిలింది తేలిక. టెస్ట్‌డిస్క్‌తో ఇమేజ్ తెరిస్తే తరచుగా పాత ఫోల్డర్లు పేర్లతో సహా కనిపిస్తాయి, కాపీ చేసుకోండి. కనిపించకపోతే ఫొటోరెక్ వాడండి, పేర్లు పోయినా ఫైళ్లు వస్తాయి.

వచ్చినవి నిజంగా తెరుచుకుంటున్నాయో చూడండి. ఫొటోను కింది అంచు దాకా, వీడియోను మధ్యకు, చివరికి జరిపి చూడాలి. చిన్న బొమ్మ కనిపించి లోపల సగం బూడిదరంగు పట్టిన ఫొటోలు ఉంటాయి. అవన్నీ చూసి, ఇంకో చోట రెండో కాపీ పెట్టేదాకా పాత డిస్కును పారేయకండి, ఫార్మాట్ చేయకండి. దాని మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి.